వెనక్కి జరిగిన సీటు

కారెక్కి కూర్చోగానే ఆమె కాళ్ళ ముందు మళ్ళీ బోలెడు ఖాళీ. సీటు కింద మీట లాగి ముందుకు జరుపుకుంటూ, పక్కన స్టీరింగు పట్టుకున్న భర్త ముఖంలోకి చూసింది.

"నిన్న నేను దిగేటప్పుడు ముందుకే ఉంది. ఎవరెక్కారు?"

"ఎవరూ ఎక్కలేదే" అన్నాడతను, వెనక బండ్లేమీ లేకపోయినా అద్దంలోకే చూస్తూ.

ఆమె పనిచేసే లైబ్రరీ దగ్గర దింపేసి వెళ్ళిపోయాడు. అతను అట్టపెట్టెలు తయారుచేసే కంపెనీకి జనరల్ మేనేజరు. కంపెనీ చేతులు మారినప్పటి నుంచీ మనిషి మనిషిలో లేడు. అన్నం కెలికి లేచిపోతాడు. సాయంత్రం కారు కింద పెట్టాక ఎంతసేపటికోగానీ పైకి రాడు. అదంతా పనిభారమని ఆమె సరిపెట్టుకుంది. కానీ పనిభారం సీట్లు జరపదు కదా.

ఇంటికొచ్చాక అత్తగారి దగ్గర నోరు జారింది.

"కాళ్ళు పొడుగున్న మనిషే అయ్యుంటుంది" అంది ఆవిడ, కళ్ళజోడు తుడుచుకుంటూ. "సీటు వాసన చూశావా?"

"చూశానత్తయ్యా. మీ అబ్బాయి షేవింగ్ క్రీము తప్ప ఇంకే వాసనా లేదు."

"అయితే తెలివైందే."

ఇక ఉండబట్టలేక తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు ఆ కంపెనీలోనే సూపర్‌వైజరు. స్టూలు అక్కర్లేకుండా బల్బులు మార్చేస్తాడని ఇంట్లో అందరికీ వాడు 'నిచ్చెన'.

"మీ బావ ఎవరితో తిరుగుతున్నాడురా?"

"నాకేం తెలుసక్కా? నన్ను చూస్తేనే పక్కకి తప్పుకుంటున్నాడు. మొన్న క్యాంటీన్‌లో ఎదురుపడితే సగం తిన్న ప్లేటు వదిలేసి లేచిపోయాడు."

తమ్ముణ్ణి తప్పించుకుంటున్నాడంటే, దొరికిపోతానన్న భయమే.

అంతలో కింద కారు ఆగిన చప్పుడైంది. ఆమె చప్పుడు కాకుండా మెట్లు దిగి, స్తంభం చాటున నిలబడింది. అతను వంగి పక్క సీటును పూర్తిగా వెనక్కి జరిపాడు. అందులో ఎవరూ లేరు. ఆ ఖాళీ వైపు తిరిగి ఏదో చెబుతున్నాడు, బతిమాలుతున్నాడు, మధ్యలో ఆగి ముఖం తుడుచుకుంటున్నాడు.

ఆమె విసురుగా తలుపు లాగి ఆ సీట్లోనే కూర్చుంది.

"ఎవరితో మాట్లాడుతున్నారు? ఫోనేదీ?"

ఫోను ఆపేసి జేబులో ఉంది. తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఈ మార్పుల్లో మాలాంటివాళ్ళు చితికిపోకుండా కంపెనీ ఒక సైకాలజిస్టుని పెట్టింది. నోటికి రాని మాట ఉంటే, ఆ మనిషి ఎదురుగా ఉన్నాడనుకుని ముందు ఖాళీ సీటుకి చెప్పి చూడమంది ఆవిడ."

"ఏ మనిషి?"

అతను ఆమె కాళ్ళ వైపు చూశాడు. ఆమె కిందికి చూసుకుంది. కాళ్ళ ముందు బోలెడు ఖాళీ. అంత దూరం కాళ్ళు చాపేవాడు తమవాళ్ళలో ఒక్కడే.

"మన నిచ్చెనా?"

"కొత్త మిషన్లొస్తున్నాయి. వాడి సెక్షన్ మొత్తం ఎత్తేస్తున్నారు. సంతకం నేనే పెట్టాలి."

ఎవరో ఒక ఆడమనిషి అయినా బాగుండేదని ఆమెకి ఒక్క క్షణం అనిపించింది.

"వాడి ఉద్యోగం తీసేస్తూ వైద్యం మీకా? మరి వాడికెవరు చేస్తారండీ?"

"అదే ఆవిడనీ అడిగాను. నీకు చెప్తే నా భార్యగా వినవని, వాడి అక్కగానే వింటావని భయపడ్డాను."

"రెండూ నేనే కదా" అంది ఆమె. కోపంగానే అంది, కానీ కళ్ళు నిండిపోయాయి.

దిగి తలుపు వేసింది. ఇక పైకి వెళ్ళిపోతుందనుకున్నాడు. వెనక తలుపు తెరుచుకుంది. ఆమె మోకాళ్ళు ఒదిగించుకుని, జరిపిన సీటు వెనక ఇరుకులో కూర్చుంది.

"పదండి, వాడింటికి."

"నీకు ఇరుగ్గా ఉంటుంది, సీటు ముందుకి..."

"అలాగే ఉండనివ్వండి."

తమ్ముడు పిలవగానే కిందికొచ్చాడు. ముందు సీట్లోకి జారి హాయిగా కాళ్ళు చాపాడు.

"ఏంటి బావా, నా కొలతకే సర్దినట్టుందే" అని నవ్వాడు.

వెనక నుంచి ఆమె ఒక చెయ్యి తమ్ముడి భుజం మీద, ఒక చెయ్యి భర్త భుజం మీద వేసింది.

"చెప్పండి" అంది.