నలభై మందికి ఒకే చెవి

ఉదయశ్రీ క్యాంటీన్ బల్ల మీదున్న ల్యాప్‌టాప్‌ను దయాకర్ వైపు తిప్పింది.

"దయాకర్ గారూ, మీ షిఫ్టులో నలభై మందికీ కుడి చెవి బాగుంది. నలభై మందికీ ఎడమ చెవి దెబ్బతింది. అదీ అందరికీ ఇంచుమించు ఒకే మోతాదులో."

దయాకర్ తెర వైపు శ్రద్ధగా చూశాడు. "మిషన్ల సౌండ్ గట్లుంటది మేడం."

"మిషన్ అందరికీ ఎడమవైపే ఉంటుందా?"

దయాకర్ ల్యాప్‌టాప్‌ను మెల్లగా ఆమె వైపు తిప్పేశాడు.

అది రెండువేల పన్నెండు, జులై నెల. నాచారంలో రేకు డబ్బాలు చేసే ఆ కార్ఖానాలో ప్రెస్సులు పొద్దస్తమానం దబదబమని కొడుతూనే ఉంటాయి. దయాకర్ అక్కడ షిఫ్టు సూపర్‌వైజరు. జనగామ నుంచి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఉదయశ్రీ వాళ్లది తెనాలి, ఇప్పుడు ఇల్లు రామంతాపూర్‌లో. వినికిడి పరీక్షలు చేయడం ఆమె ఉద్యోగం. ఆమె పనిచేసే సంస్థ ఉప్పల్ నుంచి నాచారం దాకా లక్ష మంది చెవులు పరీక్షించాలని పూనుకుంది. లక్ష మంది ఒక ఆసుపత్రికి వచ్చే పని కాదు కాబట్టి పరీక్షను ఇంటర్నెట్‌లో పెట్టారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే హోరులోంచి ఒక గొంతు "ఏడు, రెండు, ఐదు" అంటుంది. వినబడిన అంకెలు నొక్కాలి. ముందు కుడి చెవికి, తర్వాత ఎడమ చెవికి. మనిషికో కోడ్ చీటీ ఇస్తారు. ఆ కోడ్‌తో ఎక్కడి నుంచైనా రాయొచ్చు.

దయాకర్ నలభై చీటీలూ జేబులో వేసుకుని ఆదివారం ఉప్పల్‌లో ఒక నెట్ సెంటర్‌కు వెళ్లాడు. నలభై సార్లు తానే రాశాడు.

"ఎందుకు చేశారు?" అని అడిగింది ఉదయశ్రీ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది.

"ఎనకట ఇంకో కంపెనీల గిట్లనే హెల్త్ చెకప్ అన్నరు. రిజల్ట్ వచ్చినంక పన్నెండు మందిని ఇంట్ల కూసోబెట్టిన్రు. మావోళ్లు భయపడ్తున్రు మేడం. నేను సూస్కుంటనని మాటిచ్చిన."

"మీరు చూసుకున్నది మీ చెవిని ఒక్కదాన్నే. ఎడమవైపు నుంచి పిలిస్తే మీరు మెడ మొత్తం తిప్పుతారు. మొదటి రోజే గమనించాను."

దయాకర్ తల దించుకున్నాడు. ఆ సంగతి అతను ఇంట్లో అమ్మకు కూడా చెప్పలేదు.

ఆమె నలభై ఫలితాలూ రద్దు చేసి, రద్దు చేశానని తన పైవాళ్లకు రాసింది. ఆ తర్వాత మేనేజర్ గది ముందు రెండు రోజులు కూర్చుంది. మూడో రోజు మేనేజర్ ఒక కాగితం మీద సంతకం పెట్టాడు: పరీక్ష వల్ల ఎవరి ఉద్యోగమూ పోదు, ఎవరి ఫలితం వాళ్లకే చెబుతారు, ప్రెస్సుల దగ్గర పనిచేసేవాళ్లకు చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు ఇస్తారు. ఆ కాగితాన్ని దయాకర్ క్యాంటీన్‌లో అందరికీ చదివి వినిపించి, మొదటి కుర్చీలో తానే కూర్చున్నాడు.

పరీక్షలకు ఎనిమిది రోజులు పట్టింది. నెట్ పోయినప్పుడల్లా ఇద్దరూ టీ తాగారు. నెట్ చాలాసార్లు పోయింది.

నలభై మందిలో పంతొమ్మిది మందికి వినికిడి తగ్గింది. అందరికన్నా పెద్దవాడు పరంధామయ్యకు రెండు చెవులూ దెబ్బతిన్నాయి. ఉదయశ్రీ చెప్పింది విని ఆయన భుజం మీది తువాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"రెండేండ్ల సంది మా ఇంటామె సత్తమ్మ మాట్లాడుడు బంద్ జేసింది అనుకున్న బిడ్డా," అన్నాడు. "కోపమొచ్చిందేమో అనుకొని నేను గూడ బంద్ జేసిన."

ఉదయశ్రీ లేచి కిటికీ దగ్గరకు వెళ్లింది. దయాకర్ రెండో టీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లాడు. వెనక్కి వచ్చి చూసిన ఆమెకు కప్పు మీద మూతగా పెట్టిన సాసర్ కనిపించింది. ఆమె ఆ రోజు రిపోర్టులో రెండు తప్పులు రాసింది.

ఆఖరి రోజు సాయంత్రం ఉప్పల్ బస్టాప్‌లో వాన పట్టుకుంది. రేకుల కింద ఇద్దరే నిలబడ్డారు.

"మా నాన్నగారితో వచ్చి మాట్లాడతారా?" అంది ఉదయశ్రీ, వానను చూస్తూ.

"మల్ల సర్వర్ డౌనయిందా మేడం?"

ఆమె ఎడమవైపు నిలబడి ఉంది. ఈ వృత్తిలో ఉన్న మనిషి చేయకూడని పొరపాటు. చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చి, అదే మాట అదే గొంతుతో మళ్లీ చెప్పింది.

రెండు బస్సులు వెళ్లిపోయాయి.

"ఎప్పుడు రమ్మంటరు?" అన్నాడు దయాకర్.

"ఆదివారం. ఇక మేడం అనకండి."

"సరే మేడం."

ఆదివారం రామంతాపూర్‌లో ఆమె తండ్రి రామ్మోహనరావు టీవీ ముందున్నాడు. తెరమీద నలుగురు ప్రత్యేక రాష్ట్రం గురించి ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆయన రిమోట్ నొక్కి వాళ్ల నోళ్లు మూయించాడు.

"జనగామటగా మీది?"

"అవునండి. అన్నిటికన్న ముందు ఒక్క మాట చెప్పాలె. నాకు ఎడమ చెవి సరిగ్గ వినరాదు. మిషన్ కాడ పోయింది. నాలుగేండ్లు ఎవలకు చెప్పలే. మీకు జెప్పకుండ ఇంకేం మాట్లాడబుద్ధయితలేదు."

రామ్మోహనరావు కూతురి వైపు చూశాడు. ఉదయశ్రీ వంటింటి గుమ్మంలో నిలబడి కొంగు చివరను వేలికి చుట్టుకుంటోంది.

"నీకు తెలుసా?"

"రిపోర్టు ఇచ్చింది నేనే నాన్నా."

ఆయన టీవీ ఆపేశాడు. తర్వాత లేచి, తన కుర్చీని ఈడ్చుకుంటూ వచ్చి దయాకర్‌కు కుడిపక్కన వేసుకుని కూర్చున్నాడు.

"చెప్పు బాబూ," అన్నాడు. "మీ అమ్మగారు ఎప్పుడొస్తారు?"