గాలి చాలని ఇంజను

కోల్డ్ స్టోరేజి వెనక, ఆరు మెట్లు దిగితే జనరేటరు గది. సగం నేలలోకి దిగిన గది అది. ఒకటే ఇనప తలుపు. కప్పు కింద ఒకప్పుడు వెంటిలేటరు ఉన్నచోట ఇప్పుడు ఇటుకలు. మధ్యాహ్నం రెండు దాటింది. బయట సన్నగా వాన పడుతోంది.

పొగ మేస్త్రీ మెట్ల దగ్గరే ఆగి, గోడ మీదుగా పైకి లేచిన సైలెన్సరు గొట్టాన్ని చూశాడు. ఏ ఇంజను దగ్గరికి వెళ్ళినా ముందు చూసేది అదే. తెల్లపొగైతే డీజిలు మండకుండానే పోతోందని, నీలంపొగైతే ఇంజనాయిలు కాలుతోందని, నల్లపొగైతే తిండి ఎక్కువై గాలి చాలడం లేదని చెయ్యి పెట్టకుండానే చెప్పేస్తాడు. "నల్లపొగ కక్కితే బలం అనుకుంటారు వెర్రివాళ్ళు. అది బలం కాదు, ఆయాసం" అంటాడు. అందుకే ఆ పేరొచ్చింది.

గొట్టం చుట్టూ గోడ తారు పూసినట్టుంది. నల్లపొగ ముద్దలు ముద్దలుగా లేస్తోంది.

సరిగ్గా ఇరవై రోజుల కింద అతని తమ్ముడు ఈ గదిలోనే పోయాడు. జనరేటరు ఆపరేటరు. తలుపుకి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడట. తాగి డ్యూటీలో నిద్రపోయాడని కంపెనీవాళ్ళు కాగితం రాసేశారు. వాడు జీవితంలో చుక్క ముట్టలేదు. ఆ కాగితం చదివిన రోజు నుంచి మేస్త్రీ కడుపులో నిప్పు ఆరలేదు. అదే ఇంజను బాగుచెయ్యమని కబురొస్తే, ఆ నిప్పుతోనే వచ్చాడు.

మేనేజరు గొడుగు ముడుచుకుంటూ మెట్లు దిగాడు. "చూడు మేస్త్రీ. లోడు ఎక్కించగానే చుట్టుపక్కల ఇళ్ళన్నీ మసి. రోజూ గొడవే."

"మా తమ్ముడు తాగాడని ఎవరు చెప్పారు సారూ?"

మేనేజరు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. "పోయినవాడి గురించి ఇప్పుడెందుకులే. అయినా నిప్పు లేనిదే పొగ రాదుగా."

"పొగ ఎందుకొస్తుందో నాకు చెప్పకండి!"

ఆ అరుపుకి మేనేజరు ఒక అడుగు వెనక్కి వేశాడు. మేస్త్రీ పళ్ళు నూరుకుంటూ సామాన్ల సంచీ తీసుకుని లోపలికి నడిచాడు. వాన జోరందుకోవడంతో మేనేజరూ వెనకే వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

లోపల వేడి. కాలిన డీజిలు కంపు. మేస్త్రీ ఇంజను ఆపి, ముందు డీజిలు పంపు దగ్గర కూర్చున్నాడు. దాని మీది స్క్రూ చూడగానే చేతులు ఒక్క క్షణం ఆగిపోయాయి. మూడు నెలల కింద దాన్ని బిగించింది తనే. గదులన్నీ ఒకేసారి చల్లబడాలి, ఇంకాస్త పవరు కావాలి అని మేనేజరు పట్టుబడితే, ఇంజనుకి డీజిలు పెంచాడు. ఆ రోజే తాపీవాళ్ళు వెంటిలేటరు మూసేస్తున్నారు, చప్పుడు బయటికి రాకూడదని. "అన్నయ్యా, గాలి లేకుండా డీజిలు పెంచితే ఎలా?" అని తమ్ముడు అడిగాడు. "ఈసారి వచ్చినప్పుడు చూద్దాంలేరా" అని సంచీ భుజాన వేసుకుని పోయాడు తను.

ఆ ఈసారి ఇదే.

స్క్రూ వెనక్కి తిప్పి, మునుపున్న చోట ఆపాడు. డీజిలు చిమ్మే నాజిల్స్ తీసి పరీక్షించాడు. కొత్త ఫిల్టరు వేశాడు. సైలెన్సరు అతుకు దగ్గర పగిలిన ప్యాకింగు మార్చాడు. ఇంకెక్కడా లోపం లేదు. తలుపు తోసి బార్లా తెరిచి, ఇంజను స్టార్ట్ చేసి, లోడు ఎక్కించాడు.

బయట పొగ... నల్లగానే.

డీజిలు ఇంకా తగ్గించాడు. ఇంజను మూలిగింది. పొగ మాత్రం చిక్కబడింది. ఇంత తక్కువ డీజిలుకి ఇంత పొగ రావాలంటే గాలి అసలు అందకపోవాలి. ఎదురుగా తలుపు బార్లా తెరిచి ఉంది. ఫిల్టరు కొత్తది. మరి గాలి ఏమవుతున్నట్టు?

ఫిల్టరు తీసి, గాలి గొట్టం మూతి దగ్గర అరచెయ్యి పెట్టాడు. నడిచే ఇంజను గాలిని ఒకే ధారగా లాగుతుంది. కానీ ఇది లాగింది... ఆగింది. లాగింది... ఆగింది. ఆగినప్పుడల్లా అరచేతికి వెచ్చగా, తడిగా ఏదో తగిలింది.

చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

అప్పుడే తలుపు దానంతట అదే ధడాలున మూసుకుంది.

"ఇంజను ఆపు మేస్త్రీ" అన్నాడు మేనేజరు.

మేస్త్రీ మీట లాగాడు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఒక్కసారిగా నిశ్శబ్దం. వాన చప్పుడు కూడా లోపలికి రావడం లేదు.

ఆ నిశ్శబ్దంలో... గాలి గొట్టం ఇంకా పీలుస్తూనే ఉంది.

లాగుతోంది... ఆగుతోంది. సన్నగా, కష్టంగా, పిల్లికూతతో.

మేనేజరు ఒక్క గెంతులో తలుపు మీద పడ్డాడు. బయటికి తెరుచుకునే తలుపు అది. చట్రానికి అతుక్కుపోయింది. భుజంతో గుద్దాడు, కాలితో తన్నాడు. అంగుళం కదల్లేదు. ఇప్పుడే కొత్త ప్యాకింగు వేసిన అతుకు దగ్గర, ఆగిపోయిన ఇంజనులోంచి, నల్లపొగ మెల్లగా కారడం మొదలెట్టింది. నేల మీద పాకి, మోకాళ్ళ దాకా లేచింది.

గొట్టంలోంచి గుసగుస.

"సారూ... గడియ..."

మేస్త్రీకి ఆ గొంతు తెలుసు. చిన్నప్పుడు ఒకే దుప్పటిలో పడుకుని విన్న గొంతు. మెల్లగా మేనేజరు వైపు తిరిగాడు. "ఏం గడియ?"

మేనేజరు తలుపుకి వీపు ఆనించి జారిపోయాడు. "మాటిమాటికీ బయటికొచ్చి మెట్ల మీద కూర్చునేవాడు... ఊపిరాడట్లేదని. ఇంజను చూసేవాళ్ళు లేకపోతే సరుకంతా పాడైపోతుందని... బయట గడియ పెట్టా. భోంచేసి వచ్చి తీద్దామనుకున్నా... మర్చిపోయా మేస్త్రీ. ఒట్టు, మర్చిపోయా!"

"తలుపు కొట్టలేదా వాడు?"

"ఇంజను చప్పుడులో..."

మేస్త్రీ ఒళ్ళు భగ్గున మండింది. సంచీలోంచి పెద్ద సుత్తి చేతికొచ్చింది. ఎలా వచ్చిందో తెలీదు. మేనేజరు దగ్గుతున్నాడు, పెదాలు నీలమవుతున్నాయి. వెంటిలేటరు ఇటుకలు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. మేస్త్రీ అటు చూడలేదు. ఉండు, అనుకున్నాడు. నువ్వూ కాసేపు తెలుసుకో. కసిగా, ఊపిరి బిగబట్టి, నిలబడి చూశాడు. పొగ నడుము దాటింది.

"అన్నయ్యా..."

గుసగుస ఈసారి చెవి పక్కనే వినిపించింది.

"...స్క్రూ..."

మేస్త్రీ కోపమంతా ఒక్కసారిగా తన మీదికే తిరిగింది. "అవున్రా! నేనే తిప్పాను! నేనే!" అని గావుకేక పెట్టి, గోడ మీదికి ఉరికాడు. ఒక దెబ్బ. రెండు. పది. ఇటుక ముక్కలు ముఖానికి తగిలాయి. "వదిలెయ్‌రా తమ్ముడూ... గాలి ఇస్తున్నా... పట్టుకో..."

ఒక ఇటుక బయటికి రాలింది. వెలుతురు పడింది. వానగాలి ఈలేసుకుంటూ లోపలికి దూరింది. గొట్టం ఆ గాలినంతా, దాంతోపాటు మేస్త్రీ ఊపిరినీ, ఆత్రంగా, పొడుగ్గా, ఒకే ఒక్క గుక్కలో పీల్చుకుంది.

ఆ తరవాత ఏ చప్పుడూ లేదు. తలుపు తనంతట తనే కిర్రుమని తెరుచుకుంది.

మేస్త్రీ మేనేజరుని భుజాన వేసుకుని మెట్లెక్కాడు. ఆస్పత్రిలో ముక్కుకి గొట్టం పెట్టాక మనిషి తేరుకున్నాడు. గడియ సంగతి పోలీసులకి తన నోటితోనే చెప్పి, కాగితం మీద సంతకం పెట్టాడు. పక్కనే నిలబడి, ఇంజనుకి డీజిలు పెంచింది నేనేనని మేస్త్రీ కూడా రాయించాడు. రాసుకునేవాడు వింతగా చూశాడు. మేస్త్రీ పట్టించుకోలేదు.

దీపాలు పెట్టే వేళకి తమ్ముడింటికి వెళ్ళాడు. మరదలికి ఈ మాట తనే చెప్పాలి. వాడు తాగలేదని, నిద్రపోలేదని, తలుపు కొట్టీ కొట్టీ పోయాడని. తన తప్పు కూడా.

మరదలు వీధి అరుగు మీద, వానజల్లులో కూర్చుని ఉంది. వెనక ఇంటి తలుపు చేరవేసి ఉంది.

"తడుస్తున్నావేంటమ్మా? లోపలికి పద."

ఆమె కదల్లేదు. "లోపల ఎవరో దగ్గుతున్నారు బావగారూ" అంది మెల్లగా. "నాలుగింటి నుంచీ."

సరిగ్గా ఇటుక రాలిన వేళ అది.

"మొదట భయం వెయ్యలేదు. ఆయన దగ్గు నాకు తెలీదా? వచ్చారనుకున్నా." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కానీ బావగారూ... ఇద్దరు దగ్గుతున్నారు."

మేస్త్రీ తలుపుకి చెవి ఆనించాడు.

ఒకటి తమ్ముడిది. నిజమే.

రెండోది... అతను గబుక్కున తన నోరు రెండు చేతులతో మూసుకున్నాడు.

లోపల తన గొంతు దగ్గుతూనే ఉంది.