లీలావతి కంప్యూటరు

పొద్దున్న ఆరున్నరకి కుక్కరు రెండో కూత పెట్టేసరికి లీలావతి వంటగట్టు మీద గిన్నెలు జరిపి, పోయిన నెల కేలండరు కాగితాన్ని వెనక్కి తిప్పి పరిచింది. దాని మీద ఆరు పేర్లు, పేరు పక్కన అంకె, ఒకదాని కింద ఒకటి రాసి ఉన్నాయి.

దేశ రాజధానిలో ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో వంటగది ఎంతుంటుందో చూసినవాళ్ళకి తెలుసు. ఇద్దరు నిలబడితే మూడోమనిషి గుమ్మం బయటి నుంచే మాట్లాడాలి. అంత ఇరుకు వంటగదిలో ఏడాదిగా ఒక కంప్యూటరు నడుస్తోంది. ఆ కంప్యూటరు ఎవరో కాదు, లీలావతే.

కూతురు మైథిలి పన్నెండో తరగతి. స్కూల్లో కొత్తగా పెట్టిన కెరీర్ కోర్సులో డేటాబేస్ ప్రోగ్రాములు రాయడం నేర్పుతున్నారు. ల్యాబ్ వారానికి రెండే పీరియడ్లు, ఒక్కో మిషను ముందు ముగ్గురు పిల్లలు. ఇంట్లో కంప్యూటరు లేదు. అందుకని మైథిలి ప్రోగ్రాం నోటుబుక్కులో పెన్సిలుతో రాసుకుంటుంది, ఒక్కో లైనూ పైకి చదువుతుంది. మిషను చెయ్యాల్సిన పని తల్లి చేసి చూపిస్తుంది.

"రెడీనా అమ్మా? కర్సర్ ఓపెన్."

"తెరిచాను." లీలావతి చూపుడువేలు పేర్ల పైన ఖాళీలో పెట్టింది. కర్సరంటే వేలేనని ఆమెకు మొదటి వారంలోనే అర్థమైపోయింది.

"ఫెచ్."

వేలు ఒక వరుస కిందికి దిగింది. "పెద్దిరాజు. లైబ్రరీ పుస్తకం తీసుకుని తొమ్మిది రోజులు."

"పధ్నాలుగు దాటితే రెండో లిస్టులో రాయి."

"దాటలేదు. రాయను."

"ఫెచ్."

"సుభాషిణి. ఇరవై ఒకటి. దాటింది, రాశాను. మా సుభాషిణి వదిన నిజంగానే అంతే, తీసుకున్న వస్తువు తిరిగివ్వడం ఆవిడ జాతకంలోనే లేదు."

"కంప్యూటర్ కామెంట్స్ చెయ్యదమ్మా, ప్లీజ్!"

పేర్లన్నీ లీలావతి చుట్టాలవే. చివరి వరుసలో వాళ్ళ పిన్ని అన్నపూర్ణేశ్వరి. ఆ పేరు కూడా రెండో జాబితాలోకి ఎక్కాక లీలావతి "అయిపోయింది" అని వేలు తీసి పోపు కలిపింది. మైథిలి నోటుబుక్కులో టిక్కు పెట్టుకుని, టిఫిన్ డబ్బా సంచిలో పడేసుకుని బస్సుకి పరిగెత్తింది.

ఆ అరగంట కోసం లీలావతి ఎంతగా ఎదురుచూసేదో చెప్తే నవ్వుతారు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూతురి పాత నోటుబుక్కులు తీసి, కథల పుస్తకం చదివినట్టు చదివేది. ఇరవై ఏళ్ళ క్రితం తెనాలిలో లెక్కల బీఎస్సీలో చేరింది. కాలేజీకి వెళ్ళింది సరిగ్గా పదకొండు రోజులు. పన్నెండో రోజు పెళ్ళిచూపులు. పెళ్ళయ్యాక చదువుకుందువు గాని అన్నారు అందరూ. తర్వాత బదిలీలు, పిల్ల, మళ్ళీ బదిలీ. ఆ మాట అందరూ మరిచిపోయారు, ఆమె తప్ప.

అందుకే నెల క్రితం ఆ పని చేసింది.

మైథిలి స్నేహితురాలు నేహా ఇందిరాపురంలో ఉంటుంది. వాళ్ళింట్లో కంప్యూటరు కొన్నారు. "ఆదివారాలు అక్కడికెళ్ళి ప్రాక్టీస్ చేసుకుంటానమ్మా, నాన్నని అడగవా?" అంది మైథిలి. ఆ ఇంట్లో ఏ కోరికైనా తల్లి ద్వారానే తండ్రికి చేరాలి, జవాబూ తల్లి నోటి వెంటే రావాలి. మర్నాడు లీలావతి, "నాన్నగారు వద్దన్నారు. మరీ దూరమన్నారు" అని చెప్పేసింది.

నిజానికి భర్త సదాశివరావు చెవిన ఆ సంగతి వెయ్యనేలేదు. రేపు అడుగుదాంలే అనుకుంది. ఆ రేపు రాకుండానే నాలుగు ఆదివారాలు గడిచిపోయాయి.

ఆ రోజు స్కూల్లో బోర్డు పరీక్షలకి ముందు పెట్టే ప్రీబోర్డు ప్రాక్టికల్. మూడింటికి మైథిలి ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా మంచం మీద కూలబడింది.

"ముప్పైకి ఎనిమిది" అంది. "ప్రోగ్రాం ఆగలేదమ్మా."

"ఆగకపోవడమేమిటే? పొద్దున్న కూడా బాగానే వచ్చిందిగా."

"నీతో వచ్చింది. చివరి పేరయ్యాక ఆగమని నేను రాయలేదు. ఒకే ఒక్క లైను! నెల రోజులుగా చేస్తున్నా తెలియలేదు. ఎందుకంటే పేర్లయిపోగానే నీ అంతట నువ్వే ఆగిపోయేదానివి."

"అయిపోతే ఆగక ఏం చేస్తాను?"

"కంప్యూటర్ ఆగదమ్మా! అన్నపూర్ణేశ్వరి, అన్నపూర్ణేశ్వరి, అన్నపూర్ణేశ్వరి... అదే పేరు రాసుకుంటూ పోయింది. మిషన్ హ్యాంగయింది. అంతా నవ్వారు. మేడమేమో 'బేటా, నువ్వసలు దీన్ని ఒక్కసారైనా మిషన్ మీద రన్ చేశావా' అంది." మైథిలి ఏడ్చేసింది. "ఫైనల్‌కి మూడు వారాలే ఉంది. నేహా వాళ్ళింట్లో ఒక్కసారి చూసుకున్నా తెలిసిపోయేది. సైన్సు తీసుకోలేదని నాన్నకి ఇంకా అంత కోపమా?"

అప్పుడే చెప్పెయ్యాల్సింది. చెప్పలేకపోయింది. "ఏమైనా తిను ముందు" అంది లీలావతి, కూతురి మొహం చూడకుండా.

సాయంత్రం ఆరున్నరకి సదాశివరావు ఆఫీసు నుంచి వచ్చి మఫ్లరు విప్పుతూండగానే మైథిలి ఎదురుగా వచ్చి నిలబడింది. తండ్రితో సూటిగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

"నాన్నా, నన్ను ఇందిరాపురం వెళ్ళొద్దని మీరెందుకన్నారు?"

"ఇందిరాపురం ఏమిటి? ఎప్పుడు?"

"నేహా వాళ్ళింటికి, కంప్యూటర్ కోసం. నెల క్రితం. మీ కోపం వల్ల నాకు ఎనిమిది మార్కులొచ్చాయి."

సదాశివరావు మఫ్లరు చేత్తో పట్టుకుని భార్య వైపు చూశాడు. "నన్నెవరూ అడగలేదే!"

మరిచిపోయానంటే సరిపోయేది. ఆ మాట లీలావతి నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఏడ్చి వాచిపోయిన కూతురి కళ్ళు చూశాక దాన్ని బయటికి తేలేకపోయింది.

"ఆయన్ని నేను అడగలేదు. ఆయన పేరు చెప్పి నేనే వద్దన్నాను."

"క్యోం?" ఎందుకని అడగడానికి మైథిలికి ఆ క్షణాన తెలుగు కూడా తోచలేదు.

"నువ్వు అక్కడికెళ్తే ఇక నాతో పనేముంటుంది? పొద్దున్నే ఆ అరగంట పోతుందని..." లీలావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు చదువుకోవాలని ఉందే. ఇప్పటికీ ఉంది. నువ్వు ఫెచ్ అన్నప్పుడల్లా నేనూ క్లాసులో కూర్చున్నట్టే ఉండేది."



"అయితే నీ సరదాకి నా ఎగ్జామ్ పాడుచేశావా అమ్మా?" అంది మైథిలి. అరవలేదు. నెమ్మదిగా అనేసి లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఆ అమ్మాయి అరిచి ఉంటే లీలావతికి అంత బాధ ఉండేది కాదు.

సదాశివరావు కుర్చీలో కూర్చున్నాడు. కోప్పడతాడనుకుంది ఆమె.

"కాలేజీకి ఎన్నాళ్ళు వెళ్ళావు?" అన్నాడు.

"పదకొండు రోజులు."

"పెళ్ళిచూపుల్లో పిల్ల డిగ్రీ చదువుతోందని మీ నాన్నగారు చెప్పారు. అది తర్వాత ఏమైందని నేనూ అడగలేదు." మఫ్లరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "పోనీ ఇది చెప్పు. నేను ఇంకా వేటివేటికి ఒప్పుకోలేదు ఈ ఇంట్లో?"

ఏడుపులోనే లీలావతికి సిగ్గేసింది. "దాని జీన్సు ప్యాంటుకి... స్కూలు వాళ్ళ సిమ్లా టూరుకి..."

"సిమ్లాకి నేనెందుకు వద్దంటాను!" నిజంగానే నొచ్చుకున్నాడాయన. "అందుకా అది నాతో మాట్లాడదు? సైన్సు మాట నేను ఎప్పుడో వదిలేశాను లీలా." లేచి వెళ్ళి కూతురి తలుపు ముందు నిలబడి, కొట్టాలా వద్దా అని ఆలోచించి, చివరికి బయటి నుంచే చెప్పాడు. "మైథిలీ, ఈ ఆదివారం నుంచి వెళ్ళు. అమ్మ తోడొస్తుంది."

మర్నాటి నుంచి పొద్దున్న వంటగదిలో కుక్కరు కూత తప్ప మరో చప్పుడు లేదు. మైథిలి డబ్బా తీసుకుని, "వెళ్తున్నా" అనేసి వెళ్ళిపోయేది. ఆ అరగంట లీలావతి తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది. తప్పు చేసింది తనే, అలిగే హక్కు కూడా తనకు లేదు. పదకొండు రోజుల కాలేజీ పోయినప్పుడు కూడా ఇంత దిగులు పడలేదేమో అనిపించింది.

ఆదివారం ఆనంద్ విహార్ దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళారు. దారి పొడుగునా మైథిలి చూపు బయటే. పొగమంచులో చూడ్డానికేమీ లేకపోయినా అటే చూసింది.

నేహా వాళ్ళమ్మ సునంద హైదరాబాదు మనిషి, కలుపుగోలు. తలుపు తీస్తూనే లీలావతి చెయ్యి పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టింది. "పిల్లలు లోపల చదువుకోనీ. మనకెందుకండీ ఆ కంప్యూటర్ల గోల? మంచిగ చాయ్ తాగుతూ ముచ్చట పెట్టుకుందాం."

లీలావతి చాయ్ తాగుతూ ఊరెక్కడ, పుట్టిల్లెక్కడ అన్న ప్రశ్నలకి జవాబులిచ్చింది. ప్రాణమంతా లోపలి గది మీదే ఉంది. కీబోర్డు టకటకలు వినిపిస్తున్నాయి. నిజం కంప్యూటరుని ఆమె బ్యాంకులో కౌంటరు అవతలి నుంచి తప్ప ఎప్పుడూ చూడలేదు. ఒక్కసారి తొంగిచూస్తే చాలనిపించింది. కానీ ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

కాసేపటికి టకటకలు ఆగిపోయాయి. మైథిలి గుమ్మంలోకి వచ్చింది.

"ఆంటీ, మా అమ్మని లోపలికి పంపిస్తారా?"

"ఏం బేటా, ఏమన్నా కావాల్నా?"

"ఏం వద్దాంటీ." మైథిలి తల్లి వైపు చూసింది. వారం రోజుల తర్వాత ఆమెను తిన్నగా చూడ్డం అదే. "మా అమ్మ కూడా నాతో ఈ కోర్సు చదువుతోంది. తన క్లాసు పోతోంది."

లీలావతికి చేతిలో కప్పు కనిపించలేదు. సునందే దాన్ని అందుకుని బల్ల మీద పెట్టింది.

లోపల నేహా లేచి కీబోర్డు ముందు కుర్చీ ఖాళీ చేసింది. తెర మీద ప్రోగ్రాం మొత్తం ఉంది. ఒక్క లైను చోటు మాత్రం ఖాళీగా వదిలి ఉంది.

"ఆగమని చెప్పే లైను, ఎగ్జిట్. నువ్వు కొట్టు" అంది మైథిలి, నోటుబుక్కు పక్కన తెరిచి పెడుతూ.

"నాకు చేతకాదే. పాడవుతుందేమో."

"పాడైతే మళ్ళీ రాద్దాం."

లీలావతి చూపుడువేలు అక్షరాల మీద తిరిగింది. కళ్ళలో నీళ్ళు నిండి అక్షరాలన్నీ కలిసిపోతున్నాయి. "మొదటి అక్షరం ఇంగ్లీషు 'ఈ'యేగా? ఎక్కడుందే అది?"

మైథిలి చూపించలేదు. తల్లి భుజం మీద గడ్డం ఆనించి, "తొందరేం లేదమ్మా, వెతుక్కో" అంది.