రాప్తాడు రోడ్డుమీద పైరుగంట

ఏజెంట్ ముబారక్ యశోదమ్మ ఇంటి అరుగుమీద కూర్చుని, బొరుగుల ఉగ్గానిలో బజ్జీ నంజుకుంటూ ఉండగా ఆమె ఫోను గణగణమంది.

మామూలు రింగ్‌టోన్ కాదది. ఎద్దు మెడలో గంట మోగినట్టు ఉంటుంది. రాప్తాడు చుట్టుపక్కల పల్లెల్లో ఆ మోత తెలియనివాళ్ళు లేరు. 'పైరుగంట' అనే యాప్ అది. వాన వస్తుందన్నా, పురుగు పడుతుందన్నా, విత్తనం పంచుతున్నారన్నా సర్వర్ నుంచి ఒక్క కబురు బయలుదేరి వేల ఫోన్లలో ఒకేసారి గంట కొడుతుంది.

యశోదమ్మ కళ్ళజోడు వెతుక్కునే శ్రమ పెట్టుకోలేదు. ఫోను తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఏమంటాండాది సూడు నాయనా."

ముబారక్ చదివాడు. "విత్తన వేరుశనగ వచ్చింది. రాప్తాడు హైవే గోడౌన్ దగ్గర ఈరోజే పంపిణీ. ఆలస్యమైతే దొరకదు."

"నిజమేనా?"

"గంట మోగిందంటే నిజమే పెద్దమ్మా. ఎప్పుడన్నా అబద్ధం చెప్పిందా?"

ఆ మాట అతని నోటికి అలవాటైపోయింది. ఈ ఎండాకాలమంతా ఇల్లిల్లూ తిరిగి అతను చెప్పింది అదే. మాసిన టోపీ, భుజాన సంచీ, 'యాప్ మాస్టర్' అనే బిరుదు అతని వేషం. యాప్ కంపెనీలో ఏదో విదేశీ ముఠా వేలు పెట్టిందని ఢిల్లీలోని గూఢచారి బ్యూరోకి అనుమానం వచ్చి అతన్ని పంపింది. పేరు మాత్రం మార్చలేదు. తాడిపత్రిలో పుట్టిన మనిషి నోరు విప్పితే ఏ దొంగపేరూ నిలబడదు మరి. వేషం కోసం మొదలుపెట్టిన పనే అయినా ముబారక్ దాన్ని నిజాయితీగా చేశాడు. ఏ ఊళ్ళో ఏ ఫోనులో పైరుగంట ఉన్నా దాన్ని ఎక్కించింది అతని వేళ్ళే.

యశోదమ్మ పాసుబుక్కు కోసం లోపలికి పరుగెత్తింది. అదే సమయానికి అతని జేబులో బ్యూరో ఇచ్చిన పెన్ను వణికింది. ముబారక్ దాన్ని చెవి వెనక పెట్టుకున్నాడు.

"కాయ ఎండిందా?" అంది ఢిల్లీ గొంతు.

"ఎండింది. గుల్ల ఒలవలేదు," అని ముబారక్ గుర్తుమాట పూర్తిచేశాడు.

"గుడ్. చీఫ్‌ని మాట్లాడుతున్నా. ఇప్పుడే వచ్చిన నోటిఫికేషన్ నకిలీది. సర్వర్ కీ కొట్టేసి 'ఆర్కిడ్' ముఠా పంపింది."

ముబారక్ చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోయింది.

"తాడిపత్రి బండల లారీ ఒకటి ఈ పూట రాప్తాడు మీదుగా బెంగళూరు వెళ్తోంది," అన్నాడు చీఫ్. "పైన రెండు వరుసలే బండలు. కింద మన కొత్త రాడార్ ఉంది. జనాన్ని హైవే మీదికి తోలి లారీని ఆపాలని వాళ్ళ ప్లాన్. ఆ గుంపులో విక్టర్ ఉంటాడు. అయస్కాంతం బాంబు లారీకి అంటించడమే అతని పని."

"విక్టర్ ఎట్లుంటాడు సార్?"

"వేషం లేకుండా అతన్ని చూసినవాడు లేడు."

"డ్రైవర్‌కి చెప్పి లారీ ఆపేయించండి."

"డ్రైవర్ దగ్గర ఫోన్ లేదు. రహస్యం బయటపడకూడదని మనమే తీసేసుకున్నాం." చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "నువ్వు ఇంద్రాణిని కలువు. ఆర్కిడ్‌లో ఉన్న మన మనిషి ఆమే. ఇంకెవరితోనూ ఒక్క మాట కూడా అనొద్దు. అనుమానం వచ్చిందంటే విక్టర్ జారుకుంటాడు."

పెన్ను ఆగిపోయింది. యశోదమ్మ చంకలో గోనెసంచీతో బయటికొచ్చింది. తెగిన ఎడమ చెప్పు వారుకు పిన్నీసు గుచ్చుకుంటోంది.

"పోయినేడు నాకంటే ముందు ఈ చెప్పులే నిలబడినాయి వరసలో," అంది నవ్వుతూ. విత్తనాల దగ్గర ఎండలో మనిషి నిలబడడు. చెప్పులు వరసలో పెట్టి నీడకు పోతాడు. వంతుకోసం కొట్టుకునేవాళ్ళు కూడా ఒకరి చెప్పు ఇంకొకరు జరపరు. "నువ్వూ వస్తావా నాయనా?"

ఒక్క మాట చెబితే ఆమె ఇంట్లోనే ఉండిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నువ్వు పోతాండు పెద్దమ్మా. ఎనకాలే వస్తా."

ఊళ్ళోని ఆటోలన్నీ అప్పటికే నిండిపోయాయి. ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని యశోదమ్మ చెయ్యి ఊపింది. అతనూ ఊపాడు. శత్రుదేశాల్లో దొంగ పాస్‌పోర్టులతో తిరిగినప్పుడు చెమట పట్టని మనిషికి ఆ చెయ్యి ఊపుతుంటే ఒళ్ళంతా సిగ్గు పట్టింది. ఆమె వెళ్తున్నది బాంబు దగ్గరికి, అదీ తన మాట నమ్మి. బైక్ స్టార్ట్ చేస్తూ తన్ను తాను గట్టిగానే తిట్టుకున్నాడు.

పైరుగంట ఆఫీసు హైవే పక్కనే, గోడౌన్ మీది అంతస్తులో ఉంది. ముబారక్ మెట్లెక్కేసరికి ఇంద్రాణి కిటికీ దగ్గర నిలబడి ఉంది. ముదురాకుపచ్చ పట్టుచీర, ఎత్తు మడమల చెప్పులు, నల్లకళ్ళద్దాలు. ఆ దుమ్ములో ఆ చీర మీద మరక ఎలా పడదో ముబారక్‌కి ఇప్పటికీ అంతుపట్టలేదు. సర్వర్ మొత్తం ఆమె చేతికింద నడుస్తుంది.

"ఆలస్యంగా వచ్చారు మాస్టర్‌గారూ," అంది.

"ఆ మెసేజ్ వెనక్కి పిలిపించు."

"పంపేదాకే అది నా చేతిలో ఉంటుంది. సర్వర్ నుంచి గేట్‌వేకి పోతుంది. ఫోనుకో టోకెన్ ఉంటుంది, ఆ గుర్తు చూసి గేట్‌వే పంచేస్తుంది. ఒకసారి మోగిన గంటను మోగలేదనిపించడం ఎవరివల్లా కాదు."

కింద రోడ్డు కనిపిస్తోంది. ఆటోలు, ట్రాక్టర్లు, ఎద్దులబండ్లు. గోడౌన్ తలుపుకి తాళం ఉండటంతో జనం హైవే మీదికి పొంగి, రెండువైపులా పరుచుకుంటున్నారు. పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు కూడా ఉన్నారు.

"ఆర్కిడ్‌కి సర్వర్ కీ ఎవరిచ్చారు?" అన్నాడు ముబారక్.

ఇంద్రాణి కళ్ళద్దాలు తీసింది. ఆమె చేతిసంచీలోంచి బుల్లి పిస్టల్ బయటికొచ్చింది.

"నేనే. రెండువైపులా పనిచేసేదానికి రెండువైపులా నమ్మకం నిలబెట్టుకోక తప్పదు. కూర్చో. కాసేపు ట్రాఫిక్ ఆగుతుంది. లారీలో ఉన్నదాన్ని వాళ్ళు ఫొటో తీసుకుంటారట. అంతే."

"ఫొటోనా? విక్టర్ తెచ్చింది బాంబు."

పిస్టల్ కదల్లేదు కానీ ముఖంలో రంగు మారింది. "అబద్ధం."

"కిందికి చూడు. ఎర్రచీర, చంకలో సంచీ. యశోదమ్మ. పొద్దున నాకు ఉగ్గాని పెట్టింది. తెలిసి కూడా ఆమెను ఆటో ఎక్కించి పంపినాను. నీకు తెలియక చేసినావు, నేను తెలిసే చేసినా. కాల్చేదైతే కాల్చు, లేదంటే పక్కకు జరుగు."

ఇంద్రాణి కిందికి చూసింది. తర్వాత పిస్టల్ బల్లమీద పెట్టి కంప్యూటర్ ముందు కూర్చుంది.

"జనం చస్తారని వాళ్ళు నాకు చెప్పలేదు," అంది. "పాత కీ రద్దు చేస్తున్నా. వాళ్ళిక పంపలేరు. అదే ట్యాగ్‌తో కొత్తది పంపితే ఫోన్లలో పాతది చెరిగిపోయి దాని చోట ఇది వస్తుంది. ఏం రాయను? నకిలీ కబురు, విత్తనం లేదు, ఇళ్ళకు వెళ్ళండి అనా?"

ముబారక్ ఉలిక్కిపడ్డాడు. "వద్దు! విత్తనం లేదన్నావంటే నాయకులు తినేసినారనుకుంటారు. అందరూ రోడ్డుకడ్డంగా కూర్చుని రాస్తారోకో చేస్తారు. ఆర్కిడ్‌కి కావలసింది అదేగా?"

"మరి?"

నిజం చెబితే జనం రోడ్డుమీదే ఉంటారు. అబద్ధం చెబితే కదులుతారు. ముబారక్ కళ్ళు మూసుకున్నాడు. పొద్దున చెప్పిన అబద్ధం తెలియక చెప్పింది. ఇప్పుడు చెప్పబోయేదానికి ఆ సాకు కూడా లేదు.

"రాయి. పంపిణీ చోటు మారింది. గోడౌన్ వెనక బీడులో వరసగా చెప్పులు పెట్టినవాళ్ళకే విత్తనం."

ఇంద్రాణి అతనివంక వింతగా చూసి మీట నొక్కింది.

క్షణంపాటు ఏమీ కాలేదు. ఆ తర్వాత కిటికీ కింద వేల గంటలు ఒక్కసారిగా మోగాయి. మంద మొత్తం మెడలు విదిలించినట్టయింది. ఫోను ఉన్నవాడు లేనివాడికి చెప్పాడు, చదువు వచ్చినవాడు రానివాడికి అరిచాడు. "బీట్లోనంట! చెప్పులు పెట్టాలంట! పదండ్రా!" హైవే మీది జనం కట్ట తెగినట్టు బీడులోకి ఉరికారు.

ముబారక్ మెట్లు దూకుతూ దిగాడు. ఉత్తర దిక్కున దుమ్ములో బండల లారీ ముక్కు కనిపిస్తోంది.

బీడులో చెప్పుల వరస చూస్తూ చూస్తూ ఉండగానే కిలోమీటరు సాగింది. చెప్పులు పెట్టినవాళ్ళు కాలే నేలమీద ఉత్తకాళ్ళతో ఎగురుకుంటూ నీడకు చేరుతున్నారు. కొందరు రోడ్డు అంచున పోలీసు బారికేడ్ల పక్క వేపచెట్టు కిందికొచ్చారు. లారీలు నెమ్మదించేది అక్కడే. తలగుడ్డలు, పంచెలు, చంకల్లో గోనెసంచులు. అందరూ ఒకలాగే ఉన్నారు. ఇందులో విక్టర్ ఎవడు?

ముబారక్ ముఖాలు చూడటం మానేశాడు. కాళ్ళు చూశాడు.

పగిలిన మడమలు, దుమ్ముకొట్టిన వేళ్ళు. అన్నీ ఉత్తకాళ్ళే. ఒక జత మాత్రం తోలుచెప్పుల్లో ఉంది. నల్లబడిన ముఖం, మాసిన పంచె, నెరిసిన మీసం, అన్నీ అచ్చం రైతువే. వేషంలో వంక పెట్టడానికి లేదు. విత్తనం కోసం వచ్చి చెప్పులు విడవలేదు, అంతే.

"ఏమప్పా," అన్నాడు ముబారక్ దగ్గరికి పోయి. "వరసలో చెప్పులు పెట్టలేదా?"

ఆ మనిషి నవ్వి తలూపాడు. చెయ్యి సంచీలోకి పోయింది.

లారీ బారికేడ్ల మధ్యకొచ్చింది. విక్టర్ ఒక్క ఉదుటున ముందుకు దూకాడు. ముబారక్ అతని నడుం పట్టి వెనక్కి లాగాడు. ఇద్దరూ కంకరలో పడ్డారు. సంచీలోంచి టిఫిన్ డబ్బాలాంటిది దొర్లి, లారీ ఇనుము వైపు దానంతటదే పాకడం మొదలుపెట్టింది. లారీ వెనక చక్రం దాటుతూ ఉండగా ముబారక్ వేళ్ళు దాన్ని అందుకున్నాయి. వెల్లకిలా పడుకునే, ఉన్న బలమంతా పెట్టి రోడ్డు అవతలి కుంటలోకి విసిరాడు.

చుక్క నీళ్ళు లేని కుంట అది. బాంబు పేలి ఎర్రమట్టి తాడిచెట్టంత ఎత్తు లేచింది. జనం కొంతదూరం పరుగెత్తి ఆగారు. క్వారీవాళ్ళ పేలుడేమోనని ఎవరో అంటే సరేననుకున్నారు. బీడులో ఒక్క చెప్పు కూడా జరగలేదు.

బండల లారీ హారన్ కొట్టి బెంగళూరు దారి పట్టింది. ఏం తప్పించుకున్నాడో డ్రైవర్‌కి తెలియదు. కాసేపటికి బ్యూరో జీపు వచ్చింది. ముబారక్ తలగుడ్డతో కట్టేసి ఉంచిన విక్టర్‌నీ, ఇంద్రాణినీ ఎక్కించారు. ఎక్కేముందు ఇంద్రాణి బీడువైపు చూసింది. "నేను చేసిందానికి జైలుంది," అంది. "నువ్వు చేసిందానికి ఏముంది మాస్టర్?"

జీపు వెళ్ళిపోయింది.

ముబారక్ బీడులో వరస వెంబడి నడిచాడు. హవాయి చెప్పులు, టైరు చెప్పులు, బడిపిల్లల బూట్లు. ఎడమ వారుకు పిన్నీసు గుచ్చిన జత దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. యశోదమ్మ గోడౌన్ నీడలో పాదాలు రుద్దుకుంటోంది.

అతను ఆమె ముందు కింద కూర్చున్నాడు. చీఫ్ మాట గుర్తుంది. గుర్తుండే నోరు విప్పాడు.

"పెద్దమ్మా. విత్తనం రాలేదు. గంట అబద్ధం చెప్పింది. మొదటిది దొంగలు కొట్టినారు. రెండోది నేను కొట్టించినా. తప్పు నాది."

తిడితే బాగుండునని అతను ఎదురుచూశాడు.

"ఎండలో ఇంతమందిని..." అని ఆగిపోయింది. తర్వాత వరసవైపు చూసింది. "అబద్ధమే అనుకో. ఒకవేళ వస్తే? చెప్పులు ముందు తీసినోళ్ళు వంతు పోగొట్టుకుంటారు గదా నాయనా. నేను తియ్యను."

ఆ మాట విన్న పక్కవాళ్ళూ చెప్పులు తీయలేదు. ముబారక్ లేచి కిలోమీటరు నడిచి వరస చివరికి పోయాడు. తన బూట్లు విప్పాడు. ఎడమ మడమలో బ్యూరోవాళ్ళు పెట్టిన ట్రాన్స్‌మిటర్ ఉంది. ఏజెంట్ భూమ్మీద ఎక్కడున్నా ఢిల్లీ తెరమీద పచ్చచుక్కగా చూపిస్తుంది. రెండు బూట్లనూ చివరి జత వెనక పొందికగా పెట్టి, నిప్పులా కాలుతున్న నేలమీద నిలబడ్డాడు. పెన్ను వణికింది.

"బ్రిలియంట్ వర్క్!" అన్నాడు చీఫ్. "సాయంత్రం ఫ్లయిట్‌కి వచ్చెయ్. నీ చుక్క ఏంటి, కదలడం లేదు?"

"విత్తనాలు పంపించండి సార్. వేరుశనగ. ఇక్కడున్న అందరికీ సరిపడా."

"విత్తనాలు మన డిపార్ట్‌మెంట్ కాదయ్యా! బూట్లేసుకుని బయలుదేరు."

"కుదరదు సార్," అన్నాడు ముబారక్. "ఇప్పుడు తీస్తే నా వంతు పోతాది."