గోడ దిక్కు తిప్పిన బెంచీ

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే తొవ్వల, దుకాణాల వెనక సందుల ఒక రాతి చర్చి ఉంది. ఇంగ్లీషు దొరలు కట్టిచ్చుకున్నది. పగటిపూట చూస్తె ముద్దొస్తది. పొద్దు గూకినంక మాత్రం, ఆ సందుల తిరిగే ఆటోవాడు కూడ దాని గేటు ముందు బండి ఆపడు.

చెడ్డపేరు చర్చికి కాదు. లోపలున్న ఒక్క బెంచీకి.

బలిపీఠం ముందర, ఎడమచేతి దిక్కు మొదటిది. మా సంఘంల ఎవరింట్లనన్న చావైతె, సమాధి చేసినంక వచ్చే ఆదివారం ఆ ఇంటోళ్లు గా బెంచీ మీద కూసోవాలె. అయ్యగారు వాళ్ల కోసం ప్రార్థన చేస్తడు. అంతే. మిగిలిన దినాలు దాన్ని గోడ దిక్కు తిప్పి పెడతరు. బలిపీఠం దిక్కు మొహం పెట్టి ఖాళీగ ఉంటె — అది ఎవరి కోసమో ఎదురుచూస్తదని మా అత్త చెప్పేది. నా చేతులతోటి ఎన్నిమార్లు తిప్పిన్నో. జర వంకరున్నా ఊకునేదాన్ని కాదు.

మా చెల్లె బెత్సీ పెద్దకొడుకు సుజిత్. అబిడ్స్‌ల ఫొటో స్టూడియో వానిది. చర్చి పండుగకు సంఘం ఒక పుస్తకం వేస్తున్నది, అండ్ల లోపలి ఫొటోలు సుజితే తియ్యాలె. సరిగ్గ అప్పుడే బెత్సీని దవాఖానల పెట్టినం. కడుపుల రాళ్లు. తెల్లారితె ఆపరేషన్.

"అంకుల్, మా అమ్మది కానియ్యున్రి, తర్వాత తీస్త" అని వాడు బతిమాలిండు.

సంఘం సెక్రటరీ దేవకుమార్ వింటడా? "ప్రెస్సోళ్లు ఆగరు బాబూ. అమ్మను దేవుడు చూసుకుంటడు, నువ్వు ఫొటో చూసుకో" అన్నడట.

ఈ దేవకుమార్ సంగతి నాకెరుకే. మా ఆయనను సమాధి చేసిననాడు గొడుగు పట్టుకొని వచ్చి, వాన తగ్గకముందే పోయిండు. గుప్పెడు మన్ను కూడ వెయ్యలే. నేను మర్చిపోలే.

సరే. పగలంత దవాఖానకే సరిపోయింది. పొద్దు గూకినంక సుజిత్ చర్చికి పోయిండు. అక్కడ జరిగింది వాడు చెప్తె విన్నదే — ఒక్క ముక్క నేను కలుపుతలేను.

లైట్లు వద్దన్నడట దేవకుమార్. రంగుటద్దాలల్ల నుంచి వీధి లైటు పడితె పాతకాలం లెక్క కొడతదని. సుజిత్ తలుపు కాడ స్టాండు వేసి కెమెరా పెట్టిండు. చూస్తె, అన్ని బెంచీలు వరుసగున్నయి, ముందటిదొక్కటి గోడ దిక్కు తిరిగుంది. నవ్వేటప్పుడు పన్ను ఊడిన సందు కనబడ్డట్టుంది.

"దాన్ని సీదా చెయ్" అన్నడు దేవకుమార్.

"పెద్దమ్మ తిడ్తది అంకుల్..."

"మీ పెద్దమ్మ తిట్టనిదెవర్ని? తిప్పు."

తిప్పిండు. దాని కాళ్లు బండల మీద గీరుకుంటె, చర్చంత మూల్గినట్టయిందట.

చీకట్ల ఫొటో తీసుడు వేరే తీరు. కెమెరా కన్ను జరసేపు తెరిచే పెడ్తరట. అంతసేపట్ల నడిచేటోళ్లు ఫొటోల పడరు. కదలకుండ ఉన్నదే పడతది. దేవకుమార్ ఫోన్ మాట్లాడుకుంట కెమెరా ముందర ఇటు అటు తిరిగిండట... ఫొటోల ఆయన నీడ కూడ పడలే.

కానీ ముందు బెంచీ మీద — ముగ్గురు కూసొని ఉన్నరు.

సుజిత్ తలెత్తి చూసిండు. బెంచీ ఖాళీ.

కెమెరాల చూసిండు. ముగ్గురు. వీపులే కనబడుతున్నయి. ఎంత కదలకుండ కూసున్నా మనిషన్నంక ఊపిరి తీస్తడు, ఊపిరి తీస్తె కొంచెమన్న మసక పడతది. వీళ్లు చెక్కినట్టున్నరు...

పెద్దగ చేసి చూసిండు. తెల్ల చీర, నడుం దాక జడ — స్టెఫీ. వాని పెండ్లాం. పక్కన నీలం గళ్ల అంగీ. మెడపట్టి చినిగితె నీలం దారం దొరకక స్టెఫీ ఎర్రదారంతోటి కుట్టింది. ఆ ఎర్ర కుట్టు కూడ కనబడుతుంది. ఇంట్ల దండెం మీదున్న తన అంగీ. అంటె తానే. మూడో ఆమె తలమీది నుంచి బూడిద రంగు శాలువ కప్పుకుంది. అంచున అగ్గి పడి కాలిన బొక్క. ఆ శాలువ నాది.

తను, పెండ్లాం, పెద్దమ్మ.

అమ్మ లేదు.

కెమెరా గుంజుకొని ఉరికిండు. బెంచీ మాట యాదికే లేదు.

దవాఖానల మంచం పక్కన నేను, స్టెఫీ ఉన్నం. వాడు రొప్పుకుంట వచ్చి బెత్సీ కాళ్లు పట్టుకున్నడు.

"ఏందిరా, నేనింకా చావలే" అన్నది బెత్సీ. డాక్టరు చూసి పోయిండు, ఫికర్ లేదన్నడు. ఏసీకి వణుకుతుంటె నేనే నా శాలువ తలమీది నుంచి కప్పిన.

సుజిత్ ఆ శాలువను చూసిండు. చూసి... కింద కూలబడి ఏడ్వబట్టిండు. సంతోషంతోటి.

"అమ్మ ఉంది పెద్దమ్మా. బెంచీ మీద కూసున్నది అమ్మనే." అప్పుడు అంత చెప్పిండు. ఫొటో చూపిచ్చిండు.

నేను ఒక్కటే అడిగిన. "బెంచీ మళ్ల తిప్పి వచ్చినవా?"

లేదన్నట్టు తల ఊపిండు. ఫొటో దిక్కు మళ్ల చూసిండు. అమ్మ ఉంది, స్టెఫీ ఉంది, తను ఉన్నడు...

"సామ్ ఏడి?" అన్నడు మెల్లగ. సామ్ సుందర్ వాని తమ్ముడు. "పెద్దమ్మా... సామ్ ఏడి?"

"చాయ్ తేవడానికి పోయిండు. గంత పరేషాన్ ఎందుకు?" అంటనే ఉన్న, తలుపు తెరుచుకుంది. సామ్ వచ్చిండు. చేతిల ఫ్లాస్కు.

ఒంటి మీద నీలం గళ్ల అంగీ. మెడకాడ ఎర్ర కుట్టు.

"అమ్మ వాంతి చేసుకుంటె నాది ఖరాబైందన్నా. వదిన ఇంటికి పోయి నీది తెచ్చిచ్చింది" అన్నడు. "ఏంది గట్ల చూస్తున్నవ్? ఉతికే ఇస్త తియ్."

ఎవరూ నవ్వలే.

సుజిత్ కెమెరాను మంచం మీద పెట్టిండు. బండి తాళం తీసుకున్నడు.

"తిప్పొస్త" అన్నడు.

స్టెఫీ చెయ్యి పట్టుకుంది. "పొద్దున పోదురు..."

"పొద్దుందాక అది గట్లనే చూస్తుంటది స్టెఫీ."

చెయ్యి విడిపిచ్చుకున్నడు.

చర్చి దాక చేరలే. నాంపల్లి మలుపు కాడ ఏదో బండి తగిలి, ఆగకుండ పోయిందట.

ఆదివారం వచ్చింది. బెత్సీ ఆపరేషన్ ఆపిచ్చుకొని వచ్చింది. నేను ముందుకు పోలే. తలుపు కాడ, వాడు స్టాండు వేసిన జాగల కూసున్న. అక్కడి నుంచి చూసిన.

జడ. అన్న అంగీ అని సామ్ విప్పకుండ వేసుకున్న నీలం గళ్లు, ఎర్ర కుట్టు. నా శాలువ. అడిగి తీసుకుందామని ఎన్నిమార్లు అనుకున్ననో, నోరు రాలే.

ముగ్గురూ కదలకుండ కూసున్నరు.

అందరు పోయినంక ఆ బెంచీని పట్టుకొని గోడ దిక్కు గుంజుతున్న. సగం తిరిగింది. వెనక నుంచి దేవకుమార్ వచ్చిండు. చంకల గొడుగు.

"జిప్పోరక్కా, ఉండనియ్యి. ఆ పిలగాని ఫొటో పనికొచ్చేటట్టు లేదు. వేరేటోన్ని పిలిచిన, సాయంత్రం వస్తడు."

వాని మొహం దిక్కు చూసిన. "అంత ఎరుకై కూడ ఉండనియ్యమంటున్నవా?"

"మనం విశ్వాసులం అక్కా. మనకెందుకు ఈ మూఢనమ్మకాలు?" నవ్విండు.

గొడుగు దిక్కు చూసిన.

"సరే తియ్" అన్న. చెయ్యి తీసేసిన.

బెంచీ కాళ్లు బండల మీద మళ్ల మూల్గినయి. సీదాగ బలిపీఠం దిక్కు తిరిగింది.

ఈసారి తిప్పిన చెయ్యి ఆయనది.