పాసింగ్ బండి దగ్గర అల్లం జావ

ఆ రోజు పొద్దున కూడా కొన్సోలా ఎప్పటిలాగే కాఫీ కాచింది, ఎండుచేపలు వేయించింది, రాత్రి మిగిలిన అన్నాన్ని వెల్లుల్లి వేసి వేయించింది. తేడా ఒక్కటే. హాల్లో, పూలదండల మధ్య, పేటికలో ఆమె మొగుడు ఫౌస్తో పడుకుని ఉన్నాడు. తెల్ల సూటు, గుండీకి ఎర్ర మందారం, మొహాన అదే కొంటెనవ్వు. రాత్రి శవజాగారానికి వచ్చి పేకాడినవాళ్ళ వేరుశనగ తొక్కలు నేలంతా పడున్నాయి. శవం లేచేదాకా ఇల్లు ఊడవకూడదు మరి.

ఫౌస్తోది శవపేటికల దుకాణం. పేటిక అమ్మి చేతులు దులుపుకునే రకం కాదు. శవానికి స్నానం, అలంకారం, ఊరేగింపు అన్నీ తనే. మా ఊళ్ళో ముసలివాళ్ళు "నన్ను ఫౌస్తోనే సాగనంపాలి" అని ముందే చెప్పిపెట్టుకునేవారంటే నమ్మండి. చేపలమ్మే తినాయ్ అవ్వ పోయినప్పుడు ఆమె పెదాలకు ఎర్రరంగు పూసి, "పైన ఎవరు ఎదురొస్తారో ఏమో, తయారుగా ఉండాలిగా!" అన్నాడు. భోరుమంటున్న ఇల్లు ఘొల్లుమంది. ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములిద్దరిచేతా తండ్రి పేటికను చెరో పక్కా ఎత్తించాడు. ఒకడు పొట్టి, ఒకడు పొడుగు. "మాట్లాడుకోండర్రా, లేకపోతే మీ నాన్న జారిపోతాడు" అన్నాడు. సమాధి చేరేలోపు వాళ్ళు కలిసిపోయారు.

అలాంటి మనిషిని తలుచుకుని ఊరంతా నవ్వుతూ ఏడుస్తుంటే, కొన్సోలా మాత్రం ముక్కు ఎగబీల్చకుండా పెనం తోముతోంది.

"అమ్మా, రేపట్నించి దుకాణం నేనే తెరుస్తా" అంది కూతురు దలిసాయ్, తండ్రి సూటు మడత సరిచేస్తూ.

పెనం ధడాలున కిందపడింది. "నువ్వా? మనీలాలో పెద్దమ్మ చూసిపెట్టిన ఉద్యోగం ఏమైపోవాలి?"

"నాకు ఈ పనే ఇష్టం. నాన్నే నేర్పాడు."

"ఏం నేర్పాడే? పొద్దుగూకినా ఇల్లు చేరకపోవడమా? నా కూరలో అల్లంముక్క తగిలితే కంచం తోసేసేవాడు. ఆయన కోసం ఇంట్లో అల్లం అన్నదే మానేశాను! అక్కడ ఆ జావలమ్మే పాసింగ్ బండి దగ్గర మాత్రం రోజూ అల్లం జావ గిన్నె నాకేవాడు!"

"చావింటి నుంచి నేరుగా ఇంటికి రాకూడదు కదమ్మా. ఎక్కడో ఒకచోట ఆగి రావాలి."

"అది అందరికీ ఎప్పుడో ఒకసారి. మీ నాన్నకి రోజూ! నేను దీపం పెట్టుకుని గుమ్మంలో, ఆయన అక్కడ నవ్వుకుంటూ. ఆ బతుకు నేను పడ్డాను చాలు. మళ్ళీ నీకోసం కూడా అలా కాపలా కాయలేను. ఈ గడప దాటి దుకాణానికి వెళ్ళావో, నేను లేననుకో!"

అప్పటికే బయట బ్యాండు మొదలైంది.

ఊరంతా నడిచింది వెనకాల. సమాధి దగ్గర అందరూ తలో పువ్వు వేశారు. తిరుగుదారిలో శవాల బండి తోలే బెర్నాబె పక్కన కొన్సోలా, వెనక దలిసాయ్. బండి మలుపు తిరిగి ఠక్కున ఆగింది. చూస్తే పాసింగ్ జావ బండి!

"ఇక్కడెందుకు ఆపావురా?"

"చేతులు వాటంతటవే తిప్పేశాయక్కా" అన్నాడు బెర్నాబె తల గోక్కుంటూ.

ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. కొన్సోలా మూతి ముడుచుకునే దిగింది. వెనక నడిచొచ్చిన జనమూ ఆగారు. పాసింగ్ ముక్కు తుడుచుకుంటూ అందరికీ జావ పోసింది. ఫౌస్తో కూర్చునే ముక్కాలిపీట ముందూ ఒక గిన్నె పెట్టింది.

"ఒక్క మెతుకు మిగిల్చేవాడు కాదు వదినా, మా అన్న" అంది.

"తెలుసులే" అంది కొన్సోలా పుల్లవిరుపుగా.

అంతే, బెర్నాబెకి పొలమారింది. దగ్గి దగ్గి, చివరికి చెంపలు వేసుకున్నాడు. "ఇక నావల్ల కాదు. అక్కా, అన్న ఒక్క చెంచా కూడా తినలేదు. ఆ గిన్నె కూడా నేనే తినేవాణ్ణి. ఈ పొట్ట ఎలా వచ్చిందనుకున్నావ్?"

పాసింగ్ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "ఇన్నేళ్ళలో ఒక్క చెంచా కూడానా?"

"నువ్వు నొచ్చుకుంటావని ఎవరికీ చెప్పొద్దన్నాడు. శవాల బండి కొట్టు ముందు ఆగితే బేరం పోతుందని ఏ కొట్టువాడూ మమ్మల్ని ఆగనివ్వలేదు. నువ్వొక్కదానివే రమ్మన్నావ్. ఊరికే కూర్చుంటే బాగోదని జావ చెప్పేవాడు. ఆ వాసనకే ముక్కు మూసుకుని, 'మా ఇంటి దీపం కనిపిస్తోందిరా, తొందరగా తిను, వెళ్దాం' అని నా ప్రాణం తీసేవాడు."

"మరి అంత బాధపడుతూ ఆగడమెందుకురా?" అంది కొన్సోలా.

"పోయినవాళ్ళ నీడ నీ మీద, పాప మీద పడకూడదని. ఒక్కరోజు వానలో నేరుగా పోదామంటే నన్ను కొట్టినంత పని చేశాడు."

పాసింగ్ ఆ నిండు గిన్నెకేసి చూసి, "ఓరి అన్నా, ఎంత మోసం చేశావ్!" అంది. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ పడీపడీ నవ్వారు. కొన్సోలా కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఆ ముక్కాలిపీటను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"పిచ్చి మనిషీ! ఒక్కమాట నాతో చెబితే ఏం పోయింది!"

దలిసాయ్ తల్లి భుజం మీద చెయ్యి వేసింది. కొన్సోలా తల మీంచి కొంగులా వేలాడుతున్న నల్ల ముసుగుతో మొహం తుడుచుకుంది.

"రేపు దుకాణం తెరువు. నాన్నలాగే చెయ్యి. పనయ్యాక నేరుగా ఇంటికి రావద్దు, ఇక్కడికే రా. నేను ఈ పీట మీదే కూర్చుని ఉంటా. ఇద్దరం కలిసే ఇంటికి పోదాం."

"అమ్మా!" అని దలిసాయ్ తల్లిని వాటేసుకుంది.

బెర్నాబె చూపు ఫౌస్తో గిన్నె మీదే ఉంది. కొన్సోలా దాన్ని అతని ముందుకు తోసింది. "తినరా, నీ వాటాయేగా. పాసింగ్, నాకూ ఒక గిన్నె పొయ్యి. అల్లం దండిగా వెయ్యి. నాకు ప్రాణం."

మొదటి చెంచాకే ఆమె కళ్ళవెంట నీళ్ళు జలజలా కారాయి. "అల్లం ఘాటు" అంది. ఎవరూ కాదనలేదు.