మూడో అంతస్తు చివరిగది

మా అక్క కూతురు పనిచేసే ఆఫీసులో మూడో అంతస్తు చివరిగదికి చెడ్డపేరు. పొద్దుగూకాక అటు ఎవరూ తొంగిచూడరట. అందులో ఉన్నది ఒకటే మెషిన్. రాసిపెట్టిన ప్రోగ్రామంతా ముక్కాముక్కా కలిపి, నడిచేలా తయారుచేస్తుంది. అలా కలపడాన్ని బిల్డ్ అంటారని మా పిల్ల చెప్పింది, నేను తలూపాను.

నలభై నిమిషాలు బుద్ధిగా నడుస్తుంది... ఉన్నట్టుండి ఎవరో పీక నొక్కినట్టు ఆగిపోతుంది. చివర ఎప్పుడూ ఒకటే మాట — ఎర్రర్ రెండు.

"రెండంటే రెండు దెయ్యాలు, మొగుడూ పెళ్లాం," అని కుర్రకారు నవ్వుకునేవాళ్లట. పెద్దసారు మాత్రం నవ్వడు. "ఆ గది సంగతి మీకు తెలీదర్రా..." అనేవాడట, గొంతు తగ్గించి.

ఆ బిల్డ్ పూర్తిచేసే పని ముగ్గురు ముట్టుకుని వదిలేశాక, అది మా పిల్ల నెత్తిన పడింది. కొత్తగా చేరినవాళ్లకిచ్చే ఆరునెలల గడువు మర్నాటితో సరి. పొద్దున తొమ్మిదికల్లా బిల్డ్ చూపిస్తే ఉద్యోగం ఖాయం. లేదంటే ఇంటికే.

ఆ రాత్రి రెండుసార్లు ఆగింది. పన్నెండింటికి నాకు ఫోను.

"పిన్నీ... పడుకున్నావా?"

"లేదమ్మా. ఏంటా గొంతు?"

"ఇక్కడ ఎవరూ లేరు... అయినా ఎవరో ఆపేస్తున్నారు."

నాకేం తెలుసు? ఐదో తరగతి చదువు, కుట్టుమిషనూ. తెలీని విషయాల్లో నోరెత్తను. కానీ దాని ఏడుపు విని ఊరుకోలేకపోయాను. "కుట్టు వంకరపోతే నేను చివర్న చూడను తల్లీ. ఎక్కడ మొదలైందో అక్కడిదాకా వెనక్కి పోతాను. నువ్వు చివరిమాట ఒక్కటే చూస్తున్నావేమో..."

ఫోన్ పెట్టకుండానే తెర మీది రాతలో పైపైకి పోయింది. వరసలు... వరసలు... చాలా పైన ఇంకో అంకె. నూట ముప్ఫై ఏడు.

"అర్థం చూస్తానుండు," అంది.

"పిన్నీ..." గుసగుస. "దానంతటది ఆగలేదట. బయటినుంచి బలవంతంగా ఆపేస్తేనే ఈ అంకె వస్తుందట."

"తలుపేసుందా?"

"లోపల గడియ పెట్టుకున్నాను."

నేను లేచి నిలబడ్డాను. "పోతే పోయింది ఉద్యోగం. వచ్చెయ్యవే!"

"ఉండు..." కీబోర్డు టకటక. అంతలో — నవ్వు!

"ఏమే... నవ్వేది నువ్వేనా?"

"నేనే పిన్నీ! ఆపేది ఈ మెషినే. ఒకేసారి పదహారు పనులు చెయ్యమని ఎవరో ఒక లైను రాసిపెట్టారు. అందరం దాన్నే కాపీ కొడుతున్నాం. దీని మెమరీ నాలుగు పనులకు మించి మొయ్యలేదు. అది నిండిపోగానే ఏదో ఒకదాన్ని ఆపి పారేస్తోంది!"

పదహారుని నాలుగు చేసింది. తెల్లవారుజామున మళ్లీ ఫోను — ఒక్క ఎర్రరూ లేకుండా పూర్తయిందని.

"ఇంతకీ ఆ పదహారు రాసిన మహానుభావుడెవరే?"

"ఏ లైను ఎవరు రాశారో పేరుతో సహా ఉంటుంది. చూస్తా..." వెతికి చదివింది. "పిన్నీ... పెద్దసారు."

తొమ్మిదింటికి ఆయన ముందు నిలబడిందట. ఉద్యోగం ఇవ్వాల్సిందీ ఆయనే, దెయ్యమూ ఆయనే! తెర మీద ఆ లైనూ, పక్కనున్న పేరూ చూపించింది.

ఆయన కళ్లజోడు తుడుచుకుని తన పేరు రెండుసార్లు చదువుకున్నాడు. ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టాడు. అటూ ఇటూ చూసి, ముందుకు వంగి, మెల్లగా అన్నాడట —

"నీ ఉద్యోగం ఖాయం తల్లీ... దెయ్యాన్ని మాత్రం ఇంకో నాలుగు రోజులు ఉండనియ్యి."